బెల్లం రంగు చూసే కళ్ళు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో సత్తియ్య ఒక రకం చెప్పాడంటే దాని మీద రెండో మాట ఉండేది కాదు. మల్లేశ్వరరావుగారి కొట్లో ఇరవై ఏడేళ్ళుగా అతని పని అదే. రైతులు తెచ్చి దింపిన దిమ్మలను వరసగా చూసుకుంటూ వెళ్ళి ఇది మొదటి రకం, ఇది రెండు, ఇది నలుపు అని చెప్పాలి. రకాన్ని బట్టే వేలం పాట మొదలవుతుంది కాబట్టి రైతూ, కొనే వ్యాపారీ ఇద్దరూ ఆ మాట కోసం చూసేవారు. మొదట్లో దిమ్మ అంచు గిల్లి నాలుక మీద కూడా వేసుకునేవాడు. తొమ్మిదేళ్ళ కిందట షుగరు ఉందని డాక్టరు చెప్పిన రోజు నుంచి అది మానేశాడు. కళ్ళు చాలనుకున్నాడు.

జనవరిలో ఒక పొద్దున్న త్రినాధరావు సరుకు దిగింది. కశింకోట అవతల పల్లె అతనిది. పెనం దగ్గర తనే నిలబడి బెల్లం వండించుకునే రైతు. రంగు రావడానికి చాలామంది పాకంలో హైడ్రోస్ పొడి కలుపుతారు. అతను చిటికెడు కూడా కలపడు, అయినా మంచి పసుపు తెస్తాడని మార్కెట్లో పేరు. ఆ రోజు ఇరవై రెండు దిమ్మలు తెచ్చాడు.

సత్తియ్య వాటి ముందు నిలబడ్డాడు. రంగు వెలిసినట్టు, పైన సన్నగా బూడిద రాలినట్టు కనిపించింది. వంగి చూశాడు. అలాగే ఉంది.

"రెండో రకం," అన్నాడు.

త్రినాధరావు తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. "మల్లీ సూడు బావా."

"సూసేను. రెండే."

దిమ్మలు తూచి పేర్చే కొలగారి పరదేశి పక్కనే ఉన్నాడు. "మావా, అది ఒకటో రకం కదా," అన్నాడు నెమ్మదిగా. చుట్టూ ఉన్న నలుగురైదుగురు కూడా దగ్గరికొచ్చి చూశారు. ఎవరూ సత్తియ్య వైపు మాట్లాడలేదు.

త్రినాధరావు గొంతు పెంచలేదు. "ఏ వేపారి సెప్పమన్నాడు బావా నీసేత ఈ మాట?" అని అడిగాడు.

సత్తియ్య మళ్ళీ దిమ్మల మీదికి వంగాడు. మల్లేశ్వరరావు గద్దె మీద నుంచి దిగి వచ్చి, దిమ్మలు చూసి, "మొదటి రకమే, రాసుకోండి," అని లోపలికి వెళ్ళిపోయాడు. త్రినాధరావుకి నష్టమేమీ జరగలేదు. కానీ ఆ ప్రశ్న మార్కెట్లో మిగిలిపోయింది.

అయిదు రోజులు తిరక్కుండానే మళ్ళీ తప్పాడు. ఈసారి రాంబిల్లి వైపు నుంచి వచ్చిన రంగు మచ్చలు పడిన సరుకుని మొదటి రకమన్నాడు. కొనడానికి వచ్చిన వ్యాపారి నవ్వాడు. ఆ మధ్యాహ్నం మల్లేశ్వరరావు అతన్ని పక్కకి పిలిచాడు.

"కొన్నాళ్ళు ఇంటిదగ్గర ఉండు సత్తియ్యా. జనం నోరు కాస్త చల్లారనీ."

"మీరూ అదే అనుకుంటన్నారా సావుకారుగారూ?"

"నేను అనుకోలేదు. కానీ ఇరవై ఏడేళ్ళు తప్పని చూపు ఒక్క వారంలో రెండుసార్లు ఎందుకు తప్పిందో నాకు తెలీదు."

"నాకూ తెల్దు," అన్నాడు సత్తియ్య. "తెలుసుకుంతాను."

ముందు మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళాడు. గోడ మీది అక్షరాలు పైనుంచి కిందదాకా చదివాడు. కొట్టువాడు దగ్గర చూపుకి అద్దాలు మార్చుకోమన్నాడు, అంతే. తర్వాతి ఆదివారం ఊళ్ళో కంటి శిబిరం పెడితే అక్కడా నిలబడి చదివాడు. బాగానే ఉందన్నారు. ఆ మాట అతనికంటే ముందే మార్కెట్‌కి చేరింది. సత్తియ్య కళ్ళకి ఏమీ లేదట. ఏమీ లేనప్పుడు రకం ఎందుకు తప్పు చెప్పినట్టు? కళ్ళు బాగున్నాయన్న మాటే అతనికి ఎదురు సాక్ష్యమైంది.

గవరపాలెంలో అతనిది రెండు గదుల ఇల్లు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని భార్య మరిడమ్మతో అన్నాడు: "రంగు సూపు ఏరు, అచ్చరాల సూపు ఏరు కావచ్చు. ఆల్లు అచ్చరాలే సూత్తన్నారు."

"మరి రంగు ఎవులు సూత్తారు?"

"నానే సూసుకుంతాను."

మర్నాడు పరదేశిని ఇంటికి పిలిపించి ఒక పని చెప్పాడు. మార్కెట్లో ఎనిమిది దిమ్మల నుంచి ఎనిమిది ముక్కలు తేవాలి. మంచి పసుపు నుంచి నలుపు దాకా వాటి వరస ఏదో మరో ముగ్గురికి చూపించి, ముగ్గురూ ఒకే వరస చెప్పాకే పట్టుకురావాలి. పరదేశి ఎందుకని అడగలేదు. సాయంత్రానికి కాగితంలో చుట్టి తెచ్చాడు. మరిడమ్మ ఒక్కో ముక్క అడుగున ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు రాసిన చీటీలు అంటించింది.

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి తూర్పు అరుగు మీద తెల్ల కాగితం పరిచేవారు. మరిడమ్మ ముక్కలను కలిపేసి పెట్టేది. సత్తియ్య వాటిని పసుపు నుంచి నలుపు వైపు వరసగా పేర్చేవాడు. తర్వాత ఆమె ఒక్కోటీ తిరగేసి, వచ్చిన వరసని గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసేది. మబ్బు పట్టిన రోజు చూసేవారు కాదు. బల్బు వెలుతురులో చూడనిచ్చేవాడు కాదు. బెల్లం రంగు వెలుతురు మారితే మారుతుందని అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మొదటి రోజు రెండోదీ మూడోదీ తారుమారయ్యాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు ఒకటోది వెళ్ళి మూడో చోట కూర్చుంది. నాలుగో రోజు పొద్దున్నకి చీమలు పట్టి అయిదో నంబరు ముక్క సగం అయిపోయింది. మరిడమ్మ విసుక్కుంటూనే పరదేశి చేత అదే రంగు ముక్క ఇంకోటి తెప్పించి, ముక్కలుంచే డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టింది.

"ఇదేటి సదువు నీకు ఈ వయసులో," అంది. కానీ మర్నాడు ఎనిమిది కాకముందే కాగితం పరిచింది.

ఆరో రోజు ఎండ సూటిగా ముఖం మీద పడింది. ఎడమ కన్ను చికిలించి మూసుకున్నాడు. చేతిలో ఉన్న ముక్క రంగు ఒక్కసారి మారిపోయింది. పసుపు పోయి పాలిపోయిన పిండిరంగు వచ్చింది. కన్ను తెరిచాడు, కొంత పసుపు వచ్చింది. కుడి కన్ను మూసి ఎడమతో చూశాడు. ఇంకా బాగా వచ్చింది. మళ్ళీ ఒక్కో కన్నూ మూసి చూశాడు. ఒకే ముక్క, రెండు కళ్ళకి రెండు రంగులు.

అప్పటి నుంచి ఒక్కో కన్నూ విడిగా కొలవడం మొదలుపెట్టారు. మరిడమ్మ గుడ్డతో ఒక కన్ను కట్టేది, వరస రాసేది, విప్పి రెండోది కట్టేది. ప్రతిసారీ ముక్కలను కొత్తగా కలిపేది. ఎడమ కంటితో పక్కపక్క రంగులు ఎప్పుడైనా తారుమారయ్యేవి. కుడి కంటితో అయితే ఒకటోది నాలుగో చోటికి, మూడోది ఆరో చోటికి పోతోంది. నలుపు వైపు మాత్రం ఎప్పుడూ తప్పడం లేదు. తప్పంతా పసుపులోనే ఉంది.

తొమ్మిదో రోజు ఎడమ కన్నుకి గుడ్డ కట్టి ఉండగా తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. ద్వారబంధం మధ్యలో లోపలికి వంగి ఉంది. లేచి వెళ్ళి కర్ర మీద చెయ్యి పెట్టి పైనుంచి కిందకి నిమిరాడు. తిన్నగానే ఉంది. చెయ్యి తిన్నగా ఉందని చెబుతుంటే కన్ను వంకర చూపిస్తోంది. ఇన్నాళ్ళూ అతనికి కోపం ఉంది, పంతం ఉంది. భయం మాత్రం అప్పుడే మొదటిసారి వేసింది.

మరిడమ్మకి చెప్పాడు. గుమ్మం వంకరగా కనబడిందని ఆమె ఆ రోజు గడిలో రాసింది. "రేపే ఆస్పత్రికి ఎల్దాం," అంది.

"ఇంకో నాలుగు రోజులు సూసి ఎల్దావేటి. గట్టిగా సూపించడానికి..."

"తొమ్మిది రోజులు సాలు. నీ కన్ను కావాలా, క్యాలెండర్ కావాలా?"

జనవరి, ఫిబ్రవరి కాగితాలు చింపి మడత పెట్టింది. మర్నాడు ఇద్దరూ షుగర్ ఉన్నవాళ్ళ కళ్ళు చూసే కంటి కేంద్రానికి వెళ్ళారు.

అక్కడ పరీక్షలు చేసేది ధనశ్రీ అనే అమ్మాయి. ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చిపోతుంది. ఆ రోజు వరసలో నలభై మంది ఉన్నారు. ఒక్కో కన్నూ మూయించి అక్షరాలు చదివించింది. ఎడమతో అన్నీ చదివాడు. కుడితో చివరి వరసలో రెండు అక్షరాలు తడుముకున్నాడు. వయసుకి అంత తేడా మామూలేనంది. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక కంటి వెనక తెరని కెమెరాతో ఫొటో తీసింది. తెర మీద ఎర్రటి చిన్న చుక్కలు కొన్ని కనిపించాయి.

"షుగర్ వల్ల మొదలయ్యింది బాబాయ్, కానీ తక్కువే ఉంది. షుగర్ తగ్గించుకుని ఆర్నెల్లకి మళ్ళీ రండి," అని చీటీ రాయబోయింది.

సత్తియ్య జేబులోంచి క్యాలెండర్ కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. "అమ్మా, ఇది ఒక్క పాలి సూడు. తరవాత రాద్దువుగాని."

ఆమె గడియారం వైపు చూసి, తర్వాత కాగితం వైపు చూసింది. ఏమిటో అర్థం కాలేదు. అతను చెప్పాడు: ఎనిమిది ముక్కలు, అడుగున నంబర్లు, పై వరస ఎడమ కన్ను, కింద వరస కుడి కన్ను. ఆమె వేలు పెట్టి ఒక్కో గడీ చదవడం మొదలుపెట్టింది.

"వెలుతురు రోజూ ఒకేలా ఉండేదా బాబాయ్?"

"పొద్దున్న ఎనిమిది. అదే అరుగు. మబ్బేస్తే సూసేవోలం కాదు."

"నంబర్లు మీకు ముందే కనబడేవేమో?"

"అడుగున అంటించేనమ్మా," అంది మరిడమ్మ. "కన్ను మార్సినప్పుడల్లా మల్లీ కలిపేసేదాన్ని."

ధనశ్రీ రాయబోయిన చీటీ పక్కన పెట్టింది. "గుమ్మం వంకరగా కనబడింది అని ఇక్కడ రాశారు. ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అచ్చరాలే అడిగేవు కదమ్మా."

ఆ అమ్మాయి ముఖం కొద్దిగా మారింది. తగువు పెట్టుకోలేదు. లోపలికి వెళ్ళి ఒక చెక్కపెట్టె తెచ్చింది. అందులో లేత రంగుల బిళ్ళలున్నాయి. మొదటి బిళ్ళ కదలదు, దాని పక్క నుంచి రంగు కొంచెం కొంచెంగా మారేలా మిగతావి పేర్చాలి. చుక్కల మందు ప్రభావం తగ్గాక మధ్యాహ్నం అతన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి పేర్పించింది. కుడి కంటితో పేర్చిన వరస నీలం, పసుపు దగ్గర చెదిరిపోయింది. అరుగు మీద వచ్చిన జవాబే ఆ బల్ల మీదా వచ్చింది. అప్పుడు స్కాన్ గదిలోకి తీసుకెళ్ళింది. ఆ స్కాన్ అందరికీ చేసేది కాదు. కంటి తెర మధ్యభాగం ఎంత మందంగా ఉందో అది కొలుస్తుంది.

మామూలుగా రెండు వందల అరవై, డెబ్భై మైక్రాన్లు ఉండాలి. ఎడమ కన్ను మూడు వందల ఇరవై ఒకటి చూపించింది. కుడి కన్ను నాలుగు వందల ముప్ఫై ఎనిమిది.

విశాఖపట్నం నుంచి వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరమ్మ ఆ రోజు ఉంది. స్కాన్ తెర మీద ఉబ్బిన చోటు చూపించింది. "షుగర్ వల్ల సన్న రక్తనాళాలు కారి ఇక్కడ నీరు చేరింది. ఫొటోలో ఈ ఉబ్బు తెలియదు. అక్షరాల చార్టంటే తెల్ల కాగితం మీద నల్ల అక్షరం. మీరు చూసే బెల్లం అలా ఉండదు కదా. కొందరికి ముందు పసుపు మీదే పట్టు పోతుంది."

"బాగవుతాదా?"

"నీరు తీయొచ్చు. కంట్లో ఇంజెక్షన్లు, నెలకి ఒకటి. షుగర్ కూడా దిగాలి, లేకపోతే మళ్ళీ చేరుతుంది. రంగు చూపు మొత్తం తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

"ఇవ్వకండి," అన్నాడు సత్తియ్య. "మొదలెట్టండి."

బయటికి వచ్చాక ధనశ్రీ అతన్ని ఆపింది. "బాబాయ్, ఆ కాగితాలు ఫొటో తీసుకోనా? ఇకనుంచి షుగర్ ఉన్నవాళ్ళని రంగు సంగతి, గుమ్మం సంగతి కూడా అడుగుతాను." కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు.

మొదటి ఇంజెక్షన్ రోజు మరిడమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. లోపల అతనికి కన్ను మొద్దుబారేలా మందు వేశారు. ఒక్క నొక్కు తెలిసింది, నొప్పి పెద్దగా లేదు. తర్వాత చూపులో నల్లటి బుడగ ఒకటి రెండు రోజులు ఈదింది. తెల్లవారుజామున లేచి శారదానది వంతెన దాకా నడిచి రావడం మొదలుపెట్టాడు. రాత్రి అన్నం మానేసి రాగి జావ తాగాడు. మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్షలో తొమ్మిదిన్నర ఉన్నది ఏడున్నరకి దిగింది.

రెండో ఇంజెక్షన్ అయిన వారానికి సత్తియ్య త్రినాధరావు వాళ్ళ పల్లెకి వెళ్ళాడు. త్రినాధరావు పాకలో పెనం పక్కన నిలబడి మరిగే పాకం మీది మడ్డి తీయిస్తున్నాడు. సత్తియ్యని చూసి గరిట పక్కవాడి చేతికిచ్చాడు కానీ రమ్మనలేదు.

"నీ సరుకు మొదటి రకమే బావా," అన్నాడు సత్తియ్య. "తప్పు సెప్పేను. నా కంట్లో నీరు సేరిందంట, పసుపు కనబడ్డం మానేసింది. అది సెప్పడానికే వచ్చేను."

త్రినాధరావు పెనం కింద మంటలోకి చెరకు పిప్పి తోశాడు. "ఆ రోజే సెప్పుంటే నాను ఆ మాట అనేవోన్ని కాదు."

"ఆ రోజుకి నాకే తెల్దు."

"కల్లు బాగున్నాయని మార్కెట్లో అన్నారే."

"అచ్చరాలు బాగున్నాయి."

త్రినాధరావు ముక్కాలిపీట ముందుకి తోశాడు. కూర్చోమనడం అదే. "నలుగురిలో అన్నాను," అన్నాడు. "నలుగురిలోనే ఎనక్కి తీసుకుంతాను."

తర్వాతిసారి సరుకు తెచ్చినప్పుడు మల్లేశ్వరరావు కొట్టు ముందు నిలబడి ఆ పని చేశాడు. "సత్తియ్య బావని లేని మాట అన్నాను. ఆయన ఎవుడి డబ్బూ తినలేదు. కన్ను జబ్బు," అన్నాడు. మూడు ముక్కలే. కొందరు తలూపారు. కొందరు నమ్మలేదు, సీజను అయిపోయేదాకా చెవులు కొరుక్కుంటూనే ఉన్నారు. సత్తియ్య వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. వాళ్ళని నమ్మించడానికి అతను ఇదంతా మొదలుపెట్టలేదు.

జులైలో అయిదో ఇంజెక్షన్ తర్వాత స్కాన్ తీశారు. కుడి కన్ను రెండు వందల తొంభై ఒకటికి దిగింది. ఎడమ కన్ను సూది లేకుండానే, షుగర్ తగ్గడంతోనే, మామూలుకి వచ్చేసింది. ద్వారబంధం తిన్నగా కనిపిస్తోంది. ధనశ్రీ రంగు బిళ్ళలు పేర్పించింది. ఎడమ కంటికి ఒక్కటీ తప్పలేదు. కుడి కంటికి పసుపు వైపు రెండు బిళ్ళలు ఇంకా చోటు మారాయి.

"ఇది ఇక్కడితో ఆగిపోవచ్చు బాబాయ్," అంది. చెప్పడానికి ఆమెకే ఇబ్బందిగా ఉంది.

"ఎంత తప్పుతాదో తెలిసింది కదమ్మా. తెలిత్తే దాంతో పని సేసుకోవచ్చు. మల్లీ ఎప్పుడు రమ్మంటావు?"

"రెండు నెలలకి."

కొత్త సీజను మొదలయ్యే ముందు మల్లేశ్వరరావు కబురు పంపాడు. "ఎడమ కన్ను బాగుందిగా, వచ్చేయ్ సత్తియ్యా. నీలాంటి చూపు ఇంకెవడికుంది."

సత్తియ్య వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. "వత్తాను. కానీ ఒక్కన్నే సెప్పను సావుకారుగారూ. పరదేశికి ఇరవయ్యేల్ల నుంచీ దిమ్మలు సూసిన కల్లు. ముందు ఆడు సెప్పాల, నాకు ఇనబడకుండా మీకు. తరవాత నాను సెప్తాను. రెండూ ఒకటైతేనే రాయండి."

"వేరైతే?"

"ఎండలోకి తీసికెల్లి మల్లీ సూత్తాం."

"జనం నవ్వరూ? ఇన్నేళ్ళు ఒక్కడివే చెప్పావు."

"నవ్వనీండి. రైతు సరుకు తప్పు రకంలో పడకూడదు. నాకు కావల్సింది అదే."

మల్లేశ్వరరావు ఒప్పుకున్నాడు. పరదేశి మాత్రం రెండు రోజులు తప్పించుకు తిరిగాడు. సత్తియ్య మావ మాటకి ఎదురు చెప్పడం తన వల్ల కాదన్నాడు. "ఆ రోజు ఒకటో రకమన్నది నువ్వే కదరా, అప్పుడు ఎలా సెప్పేవు?" అని సత్తియ్య అడిగితే తువ్వాలు దులుపుకుని వచ్చాడు.

నవంబరు రెండో వారంలో పాటలు మొదలయ్యాయి. మొదటి రోజు పదకొండు లాట్లు వచ్చాయి. పది లాట్లకి ఇద్దరి మాటా ఒకటే అయింది. పదకొండోది చోడవరం వైపు సరుకు. పరదేశి మల్లేశ్వరరావుకీ గుమస్తాకీ మెల్లగా రెండో రకమని చెప్పి పక్కకి వెళ్ళాడు. సత్తియ్య మొదటి రకమన్నాడు. గుమస్తా కలం ఆపి ఇద్దరినీ చూశాడు. పాట కోసం నిలబడ్డ వ్యాపారులూ చూశారు. పరదేశి అప్పుడే వెనక్కి తగ్గిపోతూ, "మావ సెప్పిందే..." అనబోయాడు.

"నువ్వుండు," అన్నాడు సత్తియ్య. "అది ఎత్తు."

ఇద్దరూ దిమ్మని చెరోవైపు పట్టుకుని షెడ్డు బయట ఎండలో పెట్టారు. సత్తియ్య కుడి కన్ను అరచేత్తో మూసి ఎడమతో చూశాడు. అడుగు వారగా, తేమ తగిలిన చోట, ఎరుపు సన్నగా పాకి ఉంది. షెడ్డు నీడలో అది అతనికి కనబడలేదు. పరదేశికి కనబడింది.

లేచి చేతులు దులుపుకున్నాడు. "పరదేశి సెప్పిందే రైటు. రెండో రకం, రాయండి," అని గుమస్తాకి అందరూ వినేలా చెప్పి, అప్పుడే లోపలికి వస్తున్న బండికి దారి వదిలాడు.